మీర్‌క్యాట్లకు చెప్పిన చాడీలు

మా గ్వేటా ఊళ్లో నోరుగల ఆడవాళ్లకు కొదవ లేదు. వాళ్లందరినీ ఒక పక్కన, సెగామెత్సిని ఒక్కదాన్నే ఇంకో పక్కన కూర్చోబెడితే, మధ్యాహ్నానికల్లా వాళ్లంతా తలనొప్పంటూ లేచిపోతారు. అలాంటి మనిషికి సఫారీ క్యాంపువాళ్లు ఇచ్చిన పని ఏమిటయ్యా అంటే, కదలకుండా ఒకచోట కూర్చోవడం. ఊరంతా పగలబడి నవ్వింది. అలా నవ్విన వాళ్లలో ఇద్దరు అంతకుముందు ఆ పనికి వెళ్లి నెల తిరక్కుండా పారిపోయి వచ్చినవాళ్లే.

ఉప్పు మైదానాల పార్కు అంచున, గడ్డి ఆగిపోయి తెల్లనేల మొదలయ్యేచోట మీర్‌క్యాట్ల కలుగు ఒకటుంది. ముంగిసకు చుట్టాలు, జానెడు ప్రాణులు. సఫారీకి వచ్చే అతిథులు జీబ్రా మందల్నీ, సింహాల్నీ జీపులోంచే చూస్తారు. వీటిని మాత్రం నేలమీద పక్కనే కూర్చుని చూడాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలా కూర్చోవాలంటే ముందు ఎవరో ఒకరు వాటికి మనిషిని అలవాటు చేయాలి. తిండి పెట్టకూడదు, చేత్తో తాకకూడదు. రోజూ పొద్దు పొడవకముందే వెళ్లి, ఎండెక్కి అవి నీడకు చేరేదాకా వాటి కంటపడుతూ ఉండాలి. అంతే పని. ఆ అంతే అన్నది సెగామెత్సికి మూడేళ్లు పట్టింది.

మొదటి ఏడాది రెండు వందల అడుగుల దూరంలో కూర్చుంది. రెండో ఏడు ముప్ఫై అడుగులు. మూడో ఏట ఒక చలిపొద్దున, ఆమె దొరసాని అని పేరు పెట్టిన పెద్ద ఆడది భుజమ్మీదుగా పాకి నెత్తికెక్కి నిలబడింది. ప్రేమ అనుకునేరు! ఆ చదునునేల మీద చెట్టూ పుట్టా ఉండవు. గద్దల్ని కనిపెట్టడానికి దానికి కాస్త ఎత్తు కావాలి, అంతే. కానీ ఒక అడవిప్రాణి మనిషి నెత్తిని చెట్టుకొమ్మలా నమ్మిందంటే, ఆ నెత్తి గల మనిషికి నేను దండం పెడతాను.

కదలకుండా కూర్చుంది నిజమే గాని, నోరు మాత్రం ఒక్క పొద్దూ ఆగలేదు. వాటి ముందు కూర్చుని మొగుడి మీద చాడీలు చెప్పేది. మొలెఫీ బోరుబావుల మోటార్లు బాగుచేసేవాడు, నెమ్మదస్తుడు. నిన్న కుండలో మిగిల్చిన మాంసం తినేశాడనీ, గురక పెట్టి కుక్కను కూడా నిద్రపోనివ్వలేదనీ, అన్నీ చెప్పేది. రోజూ పొద్దున్నే ఆమె సైకిల్ చక్రానికి గాలి కొడుతూ మొలెఫీ అడిగేవాడు, "ఇవాళ నా గురించి ఏం చెప్పబోతున్నావే?"

"నువ్వేం చేశావో నీకు తెలీదా?" అనేది ఈవిడ.

మా వైపు వానలు పడే ఫిబ్రవరిలో మూడు రోజుల జ్వరంతో మొలెఫీ పోయాడు.

అతని అక్క కెలెబోన్యే వచ్చి, సెగామెత్సికి నల్ల గౌను తొడిగి, నల్ల తలగుడ్డ చుట్టింది. "ఏడాది ఇవే బట్టలు. పొద్దుగుంకకముందే ఇల్లు చేరాలి. గొంతు పెంచకూడదు, పాడకూడదు, నలుగురిలో నవ్వకూడదు," అని చెప్పింది. సెగామెత్సి తలూపింది. నిజానికి గొంతు పెంచమన్నా ఆమెకు గొంతు లేదు. ఊరి ఆడవాళ్లు పలకరించడానికి వచ్చి, ఆ ఇంటి నిశ్శబ్దానికే భయపడి త్వరగా వెళ్లిపోయేవారు.

నెల తర్వాత ఆమె మళ్లీ కలుగు దగ్గరికి వెళ్లింది. కావలి మీర్‌క్యాట్ ఆమెను చూసి ఒక్క అరుపు అరిచింది. రెప్పపాటులో అన్నీ లోపలికి దూరాయి. మర్నాడూ అంతే. వారమంతా అంతే.

క్యాంపు పెద్ద గైడు ఒతెంగ్ చెడ్డవాడేం కాదు. "అక్కా, ఆ నల్లబట్టలకే అవి బెదురుతున్నాయి. ఇక్కడికొచ్చేటప్పుడు మాత్రం పాత కోటు వేసుకో. ఇంటికెళ్లి మళ్లీ నల్లవి కట్టుకుందువు గాని. ఎవరు చూస్తారిక్కడ?"

"మొలెఫీ చూస్తాడు," అంది.

ఒతెంగ్ తల గోక్కున్నాడు. "ఉప్పునేల ఆరిపోయింది, జీపులు తిరగొచ్చు. ఇంకో తొమ్మిది రోజుల్లో మొదటి అతిథులు దిగుతున్నారు. అప్పటికీ ఇవి బయటికి రాకపోతే ఈ కలుగు వదిలేసి, అవతలి కలుగుకి వేరే మనిషిని పెట్టుకుంటాం. నా చేతిలో లేదక్కా."

సెగామెత్సి లెక్కగా రెండు వందల అడుగులు వెనక్కి నడిచి, మొదటి ఏడాది కూర్చున్న చోటే నల్లగా, మౌనంగా కూర్చుంది. రోజుకు కాస్త దగ్గరికి జరగాలని చూసింది. జరిగినప్పుడల్లా అవి పారిపోయాయి.

ఎనిమిదో రోజు పొద్దున చూస్తే సైకిల్ చక్రం పంక్చరై ఉంది. ట్యూబు బంక కోసం ఇల్లంతా వెతికింది. డబ్బాల్లో లేదు, మంచం కింద లేదు, అతని పనిసంచిలో లేదు. చివరికి నడిచే బయల్దేరింది. చేరేసరికి సూర్యుడు పైకొచ్చేశాడు. మీర్‌క్యాట్లన్నీ బారులు తీరి పొట్టలు ఎండకు పెట్టుకుని ఉన్నాయి. ఈమెను చూశాయి. అరుపు. ఖాళీ నేల.

కాళ్లీడ్చుకుంటూ పోయి సరిగ్గా కలుగు ముందే కూలబడింది. ఇక దూరాలు పాటించే ఓపిక లేదు.

"ట్యూబు బంక ఎక్కడ పెట్టావో చెప్పి చావొచ్చు కదయ్యా!" అని అరిచింది. తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. కానీ గండిపడ్డాక ఆపడం ఎవరి తరం? "చూశారా అమ్మా, ఈ మనిషి చేసిన పని! ఇరవై రెండేళ్లు నన్ను పంపు ముట్టుకోనిచ్చాడా? 'నేనున్నాగా' అన్నాడు. ఏడీ, ఉన్నాడా? జ్వరంలో కూడా 'పొద్దున గాలి కొడతాలే' అన్నాడు. ఒక్క పొద్దున్నైనా ఆగాడా?"

అరుస్తూనే ఏడ్చింది. మొలెఫీ పోయాక ఏడవడం అదే మొదలు.

కలుగులోంచి ఒక ముక్కు బయటికొచ్చింది. ఆమె చూడలేదు, తిడుతూనే ఉంది. తర్వాత రెండు తలలు, ఐదు తలలు. దొరసాని నిటారుగా నిలబడి, తల అటూ ఇటూ తిప్పి విని, తీరిగ్గా ఆమె ఒడి మీదుగా భుజానికి, భుజం మీంచి నల్ల తలగుడ్డ మీదికి ఎక్కి ఆకాశం కేసి చూసింది. బట్టల రంగు దానికెందుకు? మూడేళ్లుగా అది ఎరిగింది ఈ గొంతును.

సెగామెత్సి కదల్లేదు. మాట మాత్రం ఆపలేదు.

ఆ సాయంత్రం కెలెబోన్యే ముందు తల వంచుకుని నిలబడింది. "వదినా, తప్పు చేశాను. గొంతు పెంచాను."

"నలుగురిలోనా?"

"కాదు. కలుగు దగ్గర. మీ తమ్ముణ్ణి తిట్టాను."

కెలెబోన్యే టీ కలిపి ఆమె చేతికిచ్చింది. "అబద్ధాలేమైనా చెప్పావా?"

"అన్నీ నిజాలే వదినా."

"అయితే ఇంకేం. వెళ్లి రోజూ చెప్పు," అంది ముసలావిడ, కళ్లు తుడుచుకుంటూ. "ట్యూబు బంక మా ఇంట్లో ఉంది. నేనేం కావాలని దాచలేదులే, జ్వరానికి ముందు వాడే ఇక్కడ మరిచిపోయాడు."

మర్నాడు అతిథులు వచ్చారు. మీర్‌క్యాట్లు వాళ్ల మోకాళ్ల పక్కనే మట్టి తవ్వుకుంటున్నాయి. నల్లబట్టల్లో ఉన్న మనిషి నెత్తిమీద ఒకటి నిలబడి ఉంటే, ఆవిడ సన్నగా ఏదో చెబుతూనే ఉంది. ఒక అతిథి ఒతెంగ్ చెవిలో అడిగింది, "ఏం చెబుతోంది వాటికి?"

"మొగుడి మీద చాడీలు."

ఆ అతిథి నవ్వింది. "పాపం, ఆయనకు తెలుసా?"

ఆ మాట సెగామెత్సికి అర్థమైంది. నెత్తిమీది దొరసాని తూలకుండా, తల తిప్పకుండా జవాబిచ్చింది.

"తెలుసమ్మా. రోజూ పొద్దున్నే అడిగేవాడు."