డెల్బర్ట్ క్రాన్ మెత్తటి తూటాలు

డెల్బర్ట్ క్రాన్‌కు ఒక్కటే పిచ్చి. పిస్టల్ పేలాలి గానీ చెయ్యి కదలకూడదు. ఈ కోరిక తీర్చుకోవడానికి తూటాలన్నీ తన ఇంటి నేలమాళిగలో తానే తయారు చేసుకుంటాడు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో అతని ఊరి షూటింగ్ క్లబ్బులో అందరూ తయారు చేసుకునేవాళ్ళే. కాకపోతే మిగతావాళ్ళు ఇత్తడి గుల్లలో తుపాకి మందు పోస్తారు, డెల్బర్ట్ మాత్రం మందు వాసన చూపించి మూత పెడతాడని ఆర్డిస్ లోకెన్ నమ్మకం.

ఆర్డిస్ ఆ క్లబ్బులో స్కోర్లు రాస్తుంది. డెబ్బై దాటింది. నోటికి మాత్రం వయసు రాలేదు.

"ఏమయ్యా డెల్బర్ట్, నీ తూటా బయల్దేరిందా? కాఫీ పోసుకుని వచ్చేలోపు చేరుతుందా?" అనేది.

"చేరింది. ఎనిమిదో వలయంలో పడింది, రాసుకో."

"పడిందా, దిగి నడిచి వెళ్ళిందా?"

డెల్బర్ట్ నవ్వేవాడు కాదు. జున్ను కార్ఖానాలో ముప్పై ఏళ్ళు తూకాలు చూసిన మనిషి. ముఖం కూడా అక్కడి గోడల్లా తెల్లగా, చల్లగా ఉండేది.

తంటా ఎక్కడొచ్చిందంటే, అతను కాల్చే రకం పిస్టల్ తన తన్నుతోనే తాను బతుకుతుంది. పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపుతోనే ఖాళీ గుల్లను బయటికి విసిరి, తర్వాతి తూటాను నోట్లో పెట్టుకుంటుంది. తన్ను చాలకపోతే గుల్ల సగంలో ఇరుక్కుని, తలుపులో వేలు నలిగినట్టు ఉండిపోతుంది. దానికి విరుగుడుగా డెల్బర్ట్ లోపలి స్ప్రింగు తీసేసి మెత్తటిది వేశాడు. స్ప్రింగు మెత్తబడింది కదా అని మందు ఇంకాస్త తగ్గించాడు. మందు తగ్గేసరికి పిస్టల్ మళ్ళీ మొరాయించింది. మళ్ళీ స్ప్రింగు మార్చాడు. ఇలా రెండేళ్ళు.

క్లబ్బు నియమం ప్రకారం పిస్టల్ మొరాయిస్తే చెయ్యెత్తాలి. లైను నడిపే వెర్న్ వచ్చి చూసి, నిజమే అంటే ఆ మనిషికి మళ్ళీ కాల్చే అవకాశం ఇస్తాడు. అప్పటిదాకా మిగతా పదకొండు మందీ చేతులు కట్టుకుని నిలబడాలి. ప్రతి గురువారం డెల్బర్ట్ చెయ్యెత్తేవాడు. బయట పొయ్యి మీద సాసేజులు వేగుతూ ఉండేవి. వాటిని తిప్పాల్సింది కూడా వెర్నే. ఆ రెండేళ్ళలో క్లబ్బు సభ్యులు మాడని సాసేజి ఎలా ఉంటుందో మర్చిపోయారు.

"డెల్బర్ట్, మీకు దండం పెడతాను, అంగట్లో దొరికే తూటాలు కాల్చండి" అని వెర్న్ బతిమాలాడు.

"అవి తన్నుతాయి."

"తుపాకీ తన్నకపోతే ముద్దు పెట్టుకుంటుందా?" అంది ఆర్డిస్ బల్ల దగ్గరి నుంచి.

"నాది సున్నితమైన మణికట్టు" అన్నాడు డెల్బర్ట్. తర్వాత ఆమె వైపు తిరిగి, "గుల్ల ఇరుక్కుందని రాశావా? మూడో తూటాకి. తేదీ కూడా వెయ్యి" అన్నాడు.

ఇదొక పీడ. మొరాయించిన ప్రతిసారీ ఎన్నో తూటాకో, ఎలా ఇరుక్కుందో స్కోరు కాగితం మీద రాయించేవాడు. రాసేదాకా కదిలేవాడు కాదు.

సున్నితమైన మణికట్టు సంగతి ఆర్డిస్‌కు బాగా తెలుసు. జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద చేపల కోసం చేత్తో తిప్పే బర్మాతో పద్దెనిమిది రంధ్రాలు వేశాడు ఆ మహానుభావుడు. ఆమె ఒడ్డున కారులో కూర్చుని లెక్కపెట్టింది. అబద్ధాలకోరు, పైగా పిరికివాడు అనుకుంది.

ఒక గురువారమైతే పిస్టల్ పేలాల్సినంత పేలనే లేదు. 'టప్' అని గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. డెల్బర్ట్ మళ్ళీ గురి పెడుతున్నాడు.

"ఆగు" అని ఆర్డిస్ ఒక్క కేక పెట్టింది. సీసం గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోయింది. దాని వెనక ఇంకోటి పేలి ఉంటే గొట్టం చేతిలోనే పగిలేది. వెర్న్ చెక్క పుల్ల పెట్టి కొట్టి దాన్ని బయటికి తీశాడు.

డెల్బర్ట్ తీరిగ్గా, "గుండు గొట్టంలో ఆగిందని రాయి. మందు మరీ తగ్గింది" అన్నాడు.

"రాస్తాను. నీ సంతాప సభలో చదువుతాను కూడా."

ఆర్డిస్ వెటకారంలో కొంత మంట ఉంది. ఆ క్లబ్బులో ఇరవై రెండేళ్ళు మొదటి స్థానం ఆమెది. రెండేళ్ళ కింద కీళ్ళవాతం రెండు మణికట్లనూ పట్టుకుంది. తన్ను తగిలే పని ఏదీ చెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. చిన్న పిస్టల్ కాల్చుకోండని వెర్న్ మంచి మనసుతోనే అన్నాడు.

"దానికన్నా దోమల మందు కొట్టుకోవడం నయం" అంది. అప్పటినుంచి స్కోర్లు రాస్తోంది. కూర్చోవడమే హాయిగా ఉందని అందరితో చెప్పేది. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఆమె కూడా నమ్మేది కాదు.

చివరికి ఆ ఏప్రిల్‌లో, తన పిస్టల్ అమ్మేస్తానని క్లబ్బు గోడకు చీటీ అంటించింది. డెల్బర్ట్ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి ఒక వస్తువు మర్చిపోయి బయట సాసేజుల దగ్గరికి వెళ్ళాడు. ఆమె బల్ల మీద, సరిగ్గా ఆమె కళ్ళజోడు పక్కన, తన తూటాల పెట్టె.

తూటాలు చేసుకునేవాళ్ళు ప్రతి పెట్టె మీదా చీటీ అంటిస్తారు. తేదీ, మందు, గుండు బరువు, ఏ పిస్టల్‌కి చేసినవో. ఆ చివరి గడిలో పెన్సిలుతో 'ఆర్డిస్‌ది' అని ఉంది.

ఆర్డిస్‌కు ముందు కోపమే వచ్చింది. పెట్టె పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"ఏమిటిది?"

"తూటాలు" అన్నాడు డెల్బర్ట్ సాసేజి నములుతూ.

"నా పేరెందుకు రాశావు?"

"నీ పిస్టల్, నా పిస్టల్ ఒకటే రకం. స్ప్రింగు మారిస్తే చాలు."

"మందు తేడా వస్తే గొట్టం పగులుతుందని ఒకరి చేతి తూటా ఇంకొకరు కాల్చరు. నీకు తెలీదా? నలభై ఏళ్ళు కాపురం చేశాను, మా ఆయన చేసినవి కూడా ఒక్కటి కాల్చలేదు. తూటాలు చేసుకునే బల్ల ఆయనది ఆయనదే, నాది నాదే."

"తెలుసు. అందుకే చెప్పలేదు. ఊరికే ఇస్తే నా ముఖాన కొట్టేదానివి."

"కొట్టేదాన్నే."

"అందుకే నీ కళ్ళముందు కాల్చాను. ఎన్నిసార్లు మొరాయించిందో నీ చేత్తోనే రాయించాను. నన్ను నమ్మక్కర్లేదు ఆర్డిస్. నీ రాత నువ్వు నమ్ముకో."

ఆమె లోపలికి వెళ్ళి రెండేళ్ళ స్కోరు కాగితాలు తీసింది. అంతా తన చేతిరాతే. గుల్ల ఇరుక్కుంది, గుల్ల ఇరుక్కుంది, గుండు ఆగింది, గుల్ల ఇరుక్కుంది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఆఖరి తొమ్మిది గురువారాల్లో ఒక్కటీ లేదు. తొమ్మిది వారాలుగా సాసేజులు మాడటం లేదన్న సంగతి వెటకారపు హడావుడిలో ఆమె గమనించనే లేదు. తన నోటి దురుసు తలచుకుని తనకే సిగ్గేసింది. ఇది ఆమెకు బొత్తిగా అలవాటు లేని పని.

తర్వాతి గురువారం పిస్టల్ తెచ్చింది. డెల్బర్ట్ చొక్కా జేబులోంచి స్ప్రింగు తీసి ఒక నిమిషంలో బిగించాడు. ఆర్డిస్ లైను మీద నిలబడింది. చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి కాల్చింది. పిస్టల్ కాస్త లేచి, మళ్ళీ వచ్చి అరచేతిలో కూర్చుంది. గుల్ల బయట పడింది. ఆమె నొప్పి కోసం ఎదురుచూసింది. అది రాలేదు. ఇంకొకటి కాల్చింది. పది కాల్చేసరికి ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

ఆ రోజు లెక్క వెర్న్ చూశాడు. వందకు ఆర్డిస్‌కు తొంభై మూడు. డెల్బర్ట్‌కు ఎనభై ఆరు.

ఆర్డిస్ అతని దగ్గరికి వచ్చింది. మంచి మాట అనాలని నోరు తెరిచింది గానీ, అలాంటివి చెప్పే అలవాటు లేక కాసేపు తడుముకుంది. "డెల్బర్ట్, నువ్వు..." అని ఆగిపోయింది.

డెల్బర్ట్ ఆమెకు ఆ కష్టం లేకుండా చేశాడు. ఆమె స్కోరు కాగితం వెర్న్ ముందు పెట్టి, కార్ఖానాలో తూకం తప్పినప్పటి గొంతుతో అన్నాడు:

"దీని మీద అభ్యంతరం రాసుకో వెర్న్. అంత మెత్తటి తూటాలతో కాలిస్తే ఎవరైనా గెలుస్తారు."