వెండిమట్టిలో బావ బొటనవేలు

ఆళ్లగడ్డలో మా బావ బతుకంతా రాయి చెక్కాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి మంచాన పడేసింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. తీసుకొచ్చారు.

నేనుండేది నంద్యాలలో. చదువు అబ్బలేదు గానీ చేతిపని ఏదైనా చూస్తే పట్టుకుంటాను. మా కోడలు ఫోన్లో చూపిస్తే వెండిమట్టితో కమ్మలు, బిళ్లలు చేయడం నేర్చుకున్నాను. మెత్తటి వెండిపొడిని జిగురుతో కలిపిన ముద్ద అది. చపాతీపిండిలా వత్తుకోవచ్చు. ఆరబెట్టి కాలిస్తే జిగురు మండిపోయి ఉత్త వెండి మిగులుతుంది.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఆ మట్టి తీసుకొని రామ్మే. మీ బావ వేలిగుర్తు పడేటట్ల ఒక బిళ్ల చేసియ్యి."

"ఇప్పుడెందుకక్కా?"

"ఆయప్ప పోతే తాళి ఎట్లాగూ తీసేస్తారు. ఆ బిళ్ల తీయమని ఎవురూ అడగరు కదా."

ఇంట్లో మిగిలిన ముద్ద కాస్తా తడిగుడ్డలో చుట్టుకొని బస్సెక్కాను.

ఎందుకోసమో బావకు ఎట్లా చెప్తాం? చెప్పలేదు. మంచం పక్కన పీట వేసుకొని వత్తుతుంటే ఆయనే అడిగాడు.

"ఏమ్మే, ఒడియాలు పెడతాండావా?"

"వెండి ఒడియాలు బావా. నీ పండ్లకు నలగవులే."

నవ్వబోయాడు, దగ్గొచ్చింది. అక్క వీపు రాసింది. దగ్గు తగ్గాక ఆయన ఎడమ బొటనవేలికి కాస్త నూనె రాసి, "మెత్తగుందో లేదో వత్తి చూడు బావా" అన్నాను. వత్తాడు. ఉలి పట్టీ పట్టీ వేలిగీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. అడ్డంగా ఉన్న పగులు ఒక్కటే లోతుగా దిగింది.

వంటింట్లోకి తీసుకుపోయి చూపిస్తే అక్క దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"ఇదేమ్మే. చెయ్యి పట్టుకుంటే ఇదే గుచ్చుకునేది."

తాడుకు బెజ్జం పెట్టి, పళ్లెంలో కిటికీ మీద ఆరబెట్టాం.

మరుసటి రోజు పెరట్లో దుప్పట్లు ఆరేసి లోపలికొస్తే బరబరా శబ్దం. బావ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చేతిలో బిళ్ల, ఉప్పుకాగితం ముక్క. మంచం దిగి కిటికీ దాకా ఎట్లా పోయాడో! ఆ ముఖంలో అంత కళ చూసి ఎన్నాళ్లయిందో.

"నిన్న నేను వత్తి సొట్ట చేసినా కదా. సరిచేసినా చూడు. ఇట్లాటి సొట్టపని మనింట్లోంచి బయటికి పోతే మానం పోదా?"

బిళ్ల అద్దంలా నున్నగా ఉంది. పగులు లేదు, గుంత లేదు. అక్క దాన్ని తీసుకొని, "బాగుంది" అని ఒక్క మాటే అంది.

వంటింట్లో అక్క చెవిలో చెప్పాను. "ఇంకా కాల్చలేదక్కా. పొడి చేసి నీళ్లు కలిపితే మళ్లీ ముద్దవుతుంది. ఇంకోసారి వత్తిద్దాం."

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఆయప్ప చేసిన పనిని ఆయప్ప బతికుండంగనే పొడి చేయాల్నా? కాల్చు."

గ్యాస్ పొయ్యి మీద జల్లెడ పెట్టి, బావకు కనపడేటట్లు తలుపు తీసి కాల్చాను. బిళ్ల ఎర్రబడి, చల్లారి, సున్నంలా తెల్లగా తేలింది. తీగబ్రష్షుతో రుద్దితే మెరిసింది. "ఆ అంచు ఇంకా కొంచెం తీసింటే బాగుండు" అన్నాడు బావ.

ఆ నెల దాటకుండానే పోయాడు. దినాలప్పుడు తాళి తీశారు. అక్క అనుకున్నట్లే మెడలోని బిళ్ల జోలికి ఎవరూ రాలేదు.

ఈమధ్య ఆళ్లగడ్డకు పోయినప్పుడు అక్క గడప మీద కూర్చుని ఉంది. బొటనవేలితో బిళ్లను తడుముతోంది. పక్కన కూర్చున్నాను.

"ఎంత నున్నగా గీకినాడో చూడు" అంది. "ఎంత తడిమినా యాడా ఏమీ తగలదు."