సుగుణ కోసం రాసిన కార్డు

వెంకటసుబ్బులమ్మకు చదువు రాదు. అయినా మద్రాసు నుంచి ఒక వారపత్రిక తెప్పించుకునేది. శనివారం మధ్యాహ్నం మార్కాపురంలోని ఆమె ఇంటి అరుగు మీద, మిషన్ బడి పంతులమ్మ కరుణమ్మ అందులోని సీరియల్ కథ చదివి వినిపించేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ వినేవాళ్లు. అది 1938.

ఒక వారం కథలో సుగుణ అనే ఇల్లాలి భర్త రైలు ప్రమాదంలో పోయాడు. పై వారానికల్లా సుగుణ భర్త ఫొటో ముందు నిలబడి పేజీన్నర మాట్లాడి, కళ్లు తుడుచుకుని, అనాథలకు చదువు చెప్పడానికి బయలుదేరింది.

“ఎంత ధైర్యం తల్లీ,” అన్నది పక్కింటి రోశమ్మ.

“ధైర్యమేంది? మొగుడు పోయిన వారానికి అన్ని మాటలు ఎట్ల వచ్చినాయి దానికి?” అన్నది వెంకటసుబ్బులమ్మ. “మా ఆయన చేలో పాము కరిచి పోయినాడు. ఇంటికి మోసుకొస్తే నేను ఏడవలా. బర్రెకు కుడితి పెట్టలేదు, బర్రెకు కుడితి పెట్టలేదు అని అదే చెప్పినానంట. మా అత్త నన్ను రాతిగుండెది అన్నది. మూడు నెలలకు, ఆయన చెప్పులు ఎవరికన్నా ఇయ్యమని మా మరిది అడిగితే, అప్పుడు వచ్చింది ఏడుపు. రెండు రోజులు ఆగలా.”

ముప్పై ఏళ్లుగా పక్కనే ఉన్నా ఈ సంగతి రోశమ్మ ఎరగదు.

“కథ రాసేది మగాయన గదా పెద్దమ్మా. ఆయనకేం తెలుసు,” అన్నది కరుణమ్మ.

“తెలియకుంటే మనం చెబుదాం. పత్రికకు కార్డు రాయి.”

తలా ఒక మాట చెప్పారు. సుగుణకు అన్నం సయించకూడదన్నది ఒకామె. అలవాటు కొద్దీ ఇద్దరికి వండాలన్నది రోశమ్మ. చివరికి వెంకటసుబ్బులమ్మ, “ఆ పిల్లను కొన్నాళ్లు ఊరికే కూచోనీమని రాయి,” అన్నది. కార్డుకు జవాబు రాలేదు.

ఆ వానాకాలం కరుణమ్మ భర్త రాజరత్నం పని మీద గిద్దలూరు పోయి, అక్కడ కలరా తగిలి ఒక్క పూటలో చనిపోయాడు. వచ్చినవాళ్లంతా ఆమెకు ధైర్యం చెప్పి పోతున్నారు. కరుణమ్మ ఉండే మిషన్ కాంపౌండులో ఎన్నడూ అడుగుపెట్టని వెంకటసుబ్బులమ్మ నాలుగో రోజున జొన్నరొట్టెలు మూటగట్టుకుని వెళ్లి, గోడకానుకుని కూర్చుంది.

చాలాసేపటికి కరుణమ్మే అన్నది. “ఏడుపు రావటంలా పెద్దమ్మా. అందరూ నా మొహమే చూస్తున్నారు.”

“రానప్పుడు రాదు. చూస్తే చూడనీ. చెయ్యాల్సిన పని ఏమన్నా ఉందా?”

మూలన బడిపిల్లల పలకలు ఉన్నాయి. ఇద్దరూ తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడవసాగారు. ఒకదాని మీద, కొత్తగా చేరిన పిల్లల అక్షరాలు వంకరపోకుండా రాజరత్నం మేకుతో గీసి ఇచ్చిన గీతలున్నాయి. ఎంత తుడిచినా అవి పోలేదు. కరుణమ్మ ఆ పలకను ఒడిలో పెట్టుకుని ఏడ్చింది. వెంకటసుబ్బులమ్మ ఊరుకోమనలేదు. మిగిలినవి తుడిచి పేర్చి, ఆమె తేరుకున్నాక రొట్టె తుంచి పెట్టింది.

వారం తరువాత చెల్లెలిని తీసుకుపోదామని దర్శి నుంచి అన్న పౌలు బండి కట్టుకుని వచ్చాడు.

“నేను ఈడనే ఉంటానన్నా. బడి ఉంది. పెద్దమ్మ ఉంది,” అన్నది కరుణమ్మ.

పౌలు రెండు రోజులుండి, ఇంటి కప్పు బాగుచేయించి వెళ్లాడు. కరుణమ్మ ఆ బళ్లోనే మరో పంతొమ్మిదేళ్లు పనిచేసింది.