తోలు కింద పాతాళగరిగె

జమ్మలమడుగు ఎండల్లో మెడదాకా గుండీలు పెట్టుకొని తిరిగేవాడు ఒక్క యేసురత్నమే. తెలియనివాళ్లు చూసి, ఏదో చర్చిలో ప్రసంగానికి పోతున్నాడనుకునేవాళ్లు. సంగతంతా ఆ చొక్కా కింద ఉంది. కుడి రొమ్ము మీద, చర్మంలోంచి మెత్తటి పైపు ఒకటి బయటికి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక కొనకు ఎర్రమూత, ఇంకో కొనకు నీలంమూత. కిడ్నీలు రెండూ పోయినాక, రోజు మార్చి రోజు ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోతే, ఆ పైపుకు మిషను తగిలించి రక్తం కడిగి పంపుతారు.

అంతకుముందు మిషను తగిలించడానికి చేతినరానికి ఆపరేషన్ చేశారు. ఆ నరం మూసుకుపోయింది. మెడకు ఒకవైపు పైపు వేసి దారంతో కుట్టారు. ఎండాకాలం చెమటకు కుట్లు చీము పట్టి తెగిపోయి, పైపు జారి చలిజ్వరం వచ్చింది. అప్పుడు డాక్టరు కొత్త పైపు వేస్తూ, దాన్ని పట్టి ఉంచే సామాను ముందుగా అతని అరచేతిలో పెట్టి చూపించాడు. గోరంత బిళ్ల. దానికి అడుగున బియ్యపుగింజ కన్నా సన్నటి రెండు కాళ్లు.

"మడిచి లోపలికి తోస్తాం. తోలు కిందికి పోయినాక కాళ్లు విచ్చుకుంటాయి. పైపును కదలనీయవు," అన్నాడు డాక్టరు.

"బావిలో పడిన బొక్కెనను తీసే పాతాళగరిగె మాదిరి ఉంది సార్," అన్నాడు యేసురత్నం.

"అట్లాంటిదే. కాకపోతే ఇది బొక్కెనను పైకి రానీయదు." డాక్టరు నవ్వి, మళ్లీ ముఖం గట్టిగా పెట్టాడు. "చూడప్పా, నీకు మిగిలిన మంచి నరం ఇదొక్కటే. పైపు చుట్టూ కండ పట్టేదాకా ఎవరూ లాగకూడదు, తగలకూడదు. ఇది ఊడితే మళ్లీ పెట్టడానికి చోటు లేదు."

ఎవరూ తగలకూడదన్న జాగ్రత్త యేసురత్నానికి కష్టం కాలేదు. తగిలేవాళ్లెవరూ లేరు. భార్య ఎలిజబెత్ మిషన్ బడిలో వంట చేసేది, ఆమె పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో చాప చివరన కూర్చుంటే, ఈ జబ్బు అంటుకుంటుందేమోనని పక్కవాళ్లు కొంచెం జరిగి కూర్చునేవాళ్లు. వాళ్లను తప్పు పట్టకుండా తనే ఇంకొంచెం జరిగేవాడు.

ఒకప్పుడు అతనికి ఒంటరిగా ఉండడమంటే ఏమిటో తెలియదు. ఊరంతా పెద్దాయన అని పిలిచే రెడ్డికి జీపు తోలేవాడు. పెద్దాయన ఒంటరిగా ఎక్కడికీ పోడు, అందుకని జీపు ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. వెనక కూర్చున్నవాళ్ల గొంతులు వింటూ, అద్దంలో వాళ్ల ముఖాలు చూస్తూ అతని వయసంతా గడిచిపోయింది. ఎవడి కూతురు అలిగింది, ఎవడి బోరు ఎండింది, అన్నీ తెలిసేవి. వాళ్ల కాళ్ల దగ్గర గోనెసంచిలో ఏముందో కూడా తెలిసేది. దాన్ని గురించి మాత్రం అడిగేవాడు కాదు. జబ్బు చేసినాక కొత్త బండికి కొత్త డ్రైవరు వచ్చాడు. ఆ గొంతుల్లో ఒక్కటీ అతని వాకిట్లో మళ్లీ వినిపించలేదు.

అట్లాంటిది, ఎన్నికల ముందర ఒక సాయంత్రం పెద్దాయనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంరా యేసురత్నం, బాగుండావా?"

"ఉండా సామీ. కూర్చో," అని యేసురత్నం కంగారుగా మంచం మీద దుప్పటి సర్దాడు.

పెద్దాయన కూర్చోలేదు. "పులివెందుల వాళ్లూ మనమూ ఇప్పుడు ఒకే పార్టీ అయిపోతిమి గదా. రేపు వాళ్ల చీనీతోటలో రాజీ. ఆ పాత బాంబులకేసులో పేరుండే ప్రతివాడూ రావాలంట. ఒక్కడు తగ్గినా ఒప్పుకోరంట. ఆ పొద్దు జీపు తోలింది నువ్వు గదా."

"రేపు నాకు ప్రొద్దుటూరులో మిషను ఉంది సామీ."

"పొద్దుగూకకముందే నేను దింపిస్తా లేరా. అందరం పోతాండాము. నువ్వు లేకుంటే ఎట్ల?"

ఆ చివరిమాట యేసురత్నాన్ని రాత్రంతా నిద్రపోనీయలేదు. తెల్లారి ఉతికిన తెల్లచొక్కా వేసుకొని, గుడ్డ మడిచి పైపు మీద పెట్టి, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. బండిలో వెనక సీటు ఇచ్చారు. మిగతావాళ్లు ఒకరి తొడల మీద ఒకరు కూర్చున్నారు గాని అతని పక్కన జానెడు చోటు వదిలేశారు. అయినా గొంతులు మాత్రం పాతవే. కళ్లు మూసుకొని వింటూ కూర్చున్నాడు.

చీనీతోట గేటు దగ్గర, బత్తాయిచెట్ల నీడలో బండ్లు ఆగాయి. రాజీకి ఒక పద్ధతుంది. ఒకరి మనుషుల్ని ఇంకొకరి మనుషులు తడిమి చూసినాకనే లోపలికి వదలాలి. ఆ తర్వాత రెండువైపులవాళ్లూ ఒకే బంతిలో కూర్చొని తినాలి. అవతలివైపు నుంచి తడిమేవాడు కమాల్ బాషా అనే మనిషి. బలంగా ఉన్నాడు. నడుము, వీపు, కాలిపిక్కలు, ఏదీ వదలకుండా చూస్తున్నాడు.

"చక్కిలిగిలి పెట్టాకు మామా," అని ముందున్నవాడు మెలికలు తిరిగితే అందరూ నవ్వారు.

యేసురత్నం వంతు వచ్చింది. ఇంతమందిలో గుండీలు విప్పి చూపించడానికి సిగ్గేసింది. రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకొని మెల్లగా అన్నాడు.

"ఈడ ముట్టుకోవాకప్పా."

ఆ వరసలో ఆ మాట ఎవరూ అనకూడదు. అన్నవాడి దగ్గర ఏదో ఉన్నట్టే. కమాల్ బాషా చెయ్యి సూటిగా అక్కడికే పోయింది. గుడ్డ మడత, దాని కింద గట్టి బిళ్ల, గొట్టాలు తగిలాయి.

"వైర్లుండాయిరోయ్! బాంబు కట్టుకోని వచ్చినాడు!" అని అరిచి, చొక్కాతో సహా పిడికిట్లో పట్టుకొని గుంజాడు.

ముందున్నవాళ్లు చీనీచెట్ల వెనక్కి దూకారు. తోలు చిరిగిన నొప్పికి యేసురత్నం మోకాళ్ల మీద కూలబడ్డాడు. నొప్పి కన్నా ముందు డాక్టరు మాట గుర్తొచ్చింది. మళ్లీ పెట్టడానికి చోటు లేదు. రెండు చేతులూ రొమ్ముకు అదుముకున్నాడు. తెల్లచొక్కా ఎర్రబడింది.

కమాల్ బాషా గుండీలు తెంపి చూసి, ఎర్రమూత, నీలంమూత చూసి బిత్తరపోయాడు.

"ఏందప్పా ఇది?"

"రగతం కడిగే పైపు. వచ్చేసిందేమో చూడప్పా. నాకు చూడను ధైర్యం లేదు."

"లేదు. తోలులోనే ఉండాది. తోలే రవ్వంత చీలింది."

చెట్ల వెనకనుంచి వచ్చిన ముసలాయన ఒకడు, "ఇన్నేండ్లూ రగతం కారిస్తిమి, ఇప్పుడు కడుక్కోను పైపులు పెట్టుకుంటిమా," అన్నాడు. కొందరు నవ్వారు.

పెద్దాయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఫోటోలు తీసేటోళ్లు వచ్చినారు. రాజీపొద్దు రగతం కండ్లబడితే శకునం గాదు. ఎవరన్నా వీణ్ని ఆసుపత్రికి తీసకపోండిరా."

వచ్చినవాళ్లలో ఎవరూ కదల్లేదు. పొయ్యిల మీద మాంసం వాసన వస్తూ ఉంది. ఒకడు చెప్పులు చూసుకున్నాడు, ఒకడు ఫోను చూసుకున్నాడు. యేసురత్నం ఆ ముఖాలన్నిటినీ చూశాడు. అద్దంలో కాకుండా ఎదురుగా చూడడం అదే మొదలు.

"నా చేత్తో గుంజినా. నేనే తీసకపోతా," అన్నాడు కమాల్ బాషా.

తువ్వాలు మడిచి ఇచ్చి అదిమి పట్టుకోమన్నాడు. తన బండిలో ఎక్కించుకొని ముద్దనూరు రోడ్డెక్కాడు. ఎత్తు దగ్గర బండి మూలిగింది.

"గేరు తగ్గించప్పా, ఇంజను ఏడుస్తాంది," అన్నాడు యేసురత్నం ఉండబట్టలేక.

"నువ్వు డ్రైవరా ఏంది?"

"ఆ పొద్దు జీపు తోలింది నేనే."

కమాల్ బాషా గేరు తగ్గించాడు. కొంతదూరం పోయినాక అన్నాడు. "దాని మీద బాంబు ఇసిరింది నేనే. తగల్లేదు."

"తగల్లేదా! వెనకటైరు ముక్కలైపోయింది. స్టీరింగు పట్టుకోలేక సచ్చినా."

"అవునా?" అన్నాడు కమాల్ బాషా. ఇన్నాళ్లకు తన గురి సంగతి తెలిసినందుకు సంతోషపడాలో సిగ్గుపడాలో అతనికి తెలియలేదు. ఇద్దరూ నవ్వారు. నవ్వితే యేసురత్నానికి రొమ్ము మండింది. మండినా నవ్వాడు.

ఆసుపత్రిలో డాక్టరు రక్తం తుడిచి, వేళ్లతో చుట్టూ ఒత్తి, ఎక్స్‌రే తీయించి చూశాడు. యేసురత్నం ఆయన ముఖాన్నే చూస్తూ పడుకున్నాడు.

"కుట్టయితే ఊడిపోయేది," అన్నాడు డాక్టరు చివరికి. "నీ పాతాళగరిగె వదల్లేదప్పా. పైపు ఉన్నచోటే ఉంది."

యేసురత్నం కళ్లు తుడుచుకున్నాడు. మిషను తగిలించడానికి నర్సు రూతమ్మ వచ్చింది. "తోడు ఎవరొచ్చినారన్నా? బయట మందులషాపులో కట్టుగుడ్డ తేవాల," అంది. ఎప్పుడు అడిగినా, ఎవరూ లేరమ్మా అనేవాడు. ఈసారి, "కమాల్ బాషా," అని గట్టిగా చెప్పాడు.

రూతమ్మ వరండాలోకి పోయి పిలిచింది. ఒకసారి పిలిచి, కొంచెం ఆగి, మళ్లీ పిలిచింది. ఎవరూ పలకలేదు. బంతి లేచిపోకముందే అందుకోవాలని పోయినట్టున్నాడు.

"వస్తాడులేమ్మా," అన్నాడు యేసురత్నం. కట్టుగుడ్డ రూతమ్మే తెచ్చి వేసింది.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పాతచొక్కా వేసుకొని జమ్మలమడుగు బస్సెక్కాడు. ఈసారి పై గుండీలు పెట్టుకోలేదు. ఎర్రమూత, నీలంమూత బయటికి కనిపిస్తున్నాయి. గంపతో ఒకామె ఎక్కి, వేరే చోటు లేక అతని పక్కన కూర్చుంది. తేరిపార చూసింది.

"ఏంది నాయనా అది, రొమ్ము మీద?"

యేసురత్నం చెప్పడం మొదలుపెట్టాడు. జీపు దగ్గరనుంచి మొదలుపెట్టాడు. ఆమె అయ్యో అంటూ, గంప మీద చెయ్యి పెట్టుకొని వింది. కథ చీనీతోట గేటు దగ్గర కమాల్ బాషా పైపును పట్టుకున్నదాకా వచ్చేసరికి ఆమె ఊరు వచ్చింది.

"గుంజినాడా ఏంది కొంపదీసి? మళ్లెప్పుడన్న కనపడితే చెప్పు నాయనా, నేను ప్రొద్దుటూరుకు పూలకు వస్తాంటా," అని దిగిపోయింది.

మళ్లీ మిషను రోజు వచ్చింది. పని అయిపోయినాక యేసురత్నం ప్రొద్దుటూరు బస్టాండులో అదే బస్సెక్కి, అదే సీట్లో కూర్చొని, పక్కన చోటులో తువ్వాలు పరిచాడు.

"ఇది ఎవురికప్పా?" అన్నాడు కండక్టరు.

"ఒకామె వస్తాది," అన్నాడు యేసురత్నం, తలుపు వైపే చూస్తూ.