మూడు రోజుల పోడు పొగ

నాకు ముక్కు మీద కోపమే గానీ ముక్కులో తెలివి లేదని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఉండి ఉంటే చావును మూడు రోజులు పీల్చి, నేరం అడవి మీద వేసేవాణ్ణి కాదు.

చర్ల వైపు అడవిని పైనుంచి ఫోటోలు తీసే పని మాది. ఒకే ఇంజను ఉన్న చిన్న విమానం. ముందు సీట్లో పైలట్, వెనక కెమెరాతో నేను. కెమెరా కోసం విమానం అడుగున కోసిన రంధ్రంలోంచి చలిగాలి కొట్టేది. అందుకే ఎండాకాలం మొదలైనా పొద్దున్నే హీటర్ వేసుకునేవాళ్లం. మొదటి రోజే పాత లారీ వెనక నడుస్తున్నట్టు వాసన.

"సార్, పొగ వాసనొస్తున్నది."

"కింద పోడు కాలుస్తున్నరు తమ్మీ. నీ కెమెరా బొక్కలకెల్లి పైకొస్తున్నది."

ఆయనది ముదిగొండ. అనుమానం ఆయన ఇంటా వంటా లేదు. పోడు కోసం కొట్టిన చెట్లు తగలబెట్టే రోజులే గనక నేనూ సరేనన్నాను.

రెండో రోజు తల పగిలిపోయింది. ఉప్మా తినకపోవడం వల్లే అనుకున్నాను. దిగాక నోటుబుక్కు చూస్తే ఒకే ఫోటో నంబరు మూడుసార్లు రాసి ఉంది. నా చేతిరాతే, గీత దాటి కిందికి జారుతూ. పైలట్‌కు చూపించాను.

"ముక్కు సారూ, జర తిని రారాదు!" అని నవ్వాడు.

మూడో రోజు అడవి మీద ఉండగా కెమెరా తెర మీద ఫోటోలు చూశాను. గుట్టలు, వాగు ఇసుక, చెట్టుకు చెట్టు విడివిడిగా. ఎక్కడా పొగ లేదు. ముందు రోజులవి వెనక్కి తిప్పాను. వాటిలోనూ లేదు. సాక్ష్యం వందలకొద్దీ తీసిందీ నేనే, చూడందీ నేనే.

"సార్, కింద పొగ లేదు."

ఆయన భుజం తట్టాను.

"సార్!"

"ఆఁ... ఏంది?" బావిలోంచి వచ్చినట్టుంది గొంతు. తిరగాల్సిన మలుపు ఎప్పుడో దాటిపోయాం. ఆయన తల మెల్లగా వాలుతోంది.

సీటు మీదుగా వంగి హీటర్ మూసేశాను. గాలి కంతలన్నీ తెరిచాను. కాసేపటికి వాసన పోయింది, తలనొప్పి పోలేదు. హీటర్‌తో పాటు పోయేది అడవి పొగ ఎట్లా అవుతుంది?

"వెనక్కి తిప్పండి సార్. మాట్లాడుతూనే ఉండండి."

"ఏం మాట్లాడాలె?"

"మీ పిల్లల పేర్లు చెప్పండి."

రెండో పేరు దగ్గర ఆగిపోయాడు. దిగేదాకా మళ్లీ మళ్లీ అడిగాను. ఆ పేరు ఆయన నోటికి రన్‌వే కనబడ్డాకే వచ్చింది.

మా మెకానిక్ ఎర్రుపాలెం మనిషి. ఇంజను పొగగొట్టం మీది రేకు విప్పాడు. ఆ గొట్టం వేడితోనే హీటర్ గాలి వెచ్చబడుతుంది. గొట్టానికి వెంట్రుకంత పగులు, దాని చుట్టూ మసి.

"వాసనొచ్చింది కాబట్టి బతికారండీ. ఈ పొగలో చంపే గ్యాసుకి అసలు వాసనే ఉండదు" అన్నాడు.

కొత్త గొట్టం బిగించాక పాతది అడిగి తీసుకున్నాను. మర్నాడు ఆఫీసులో పైలట్ బల్ల మీద పెట్టి, లోపల అగరుబత్తీ వెలిగించి, రెండు వైపులా గుడ్డ కుక్కాను. పొగ సన్నగా పగుల్లోంచే లేచింది.

ఆయన వస్తూనే ముక్కు ఎగబీల్చాడు. "ఏంది తమ్మీ, ఈ పొగ?"

"కింద పోడు కాలుస్తున్నరు సార్" అన్నాను.