రొయ్యలకు వండిపెట్టిన కోడలు

డిగ్రీ చదివిన కోడలు ఇంటికొస్తే ఆమెకు తెలియనిది ఉండదని ఆ రోజుల్లో మా జూలూరుపాడు వైపు గట్టి నమ్మకం. పురుగుమందు డబ్బా మీది ఇంగ్లీషు చదవాల్సిందీ ఆమే, గరగరమనే రేడియోను దారికి తేవాల్సిందీ ఆమే, పక్కింటి గేదె మేత ముట్టకపోతే వెళ్ళి చూడాల్సిందీ ఆమే. నేను చదివింది బీఎస్సీ జువాలజీ. ఖమ్మంలో అన్నేళ్ళు చదివి నేను చేత్తో ముట్టుకున్న జీవాలు ఒక కప్ప, ఒక బొద్దింక (రెండూ అప్పటికే చనిపోయినవి). ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పైగా నాకు బీఎడ్ చేయాలని మహా పట్టుదల. మా ఆయనేమో, వాళ్ళ నాయన ఊఁ అంటే తనకేం అభ్యంతరం లేదని తప్పుకున్నాడు. మామయ్య ఊఁ అనడం అంత తేలిక కాదు. ఆయన తన మిరపతోటతో తప్ప ఎవరితోనూ పొడుగ్గా మాట్లాడే మనిషి కాదు.

అలాంటి మామయ్యకు రక్తపోటు వచ్చింది. రోజూ కాసేపు గాజుతొట్టిలో చేపల్ని చూస్తూ కూచుంటే మనసు నెమ్మదిస్తుందని కొత్తగూడెంలో డాక్టరు మాత్రలు రాసిస్తూ చెప్పాడట. మామయ్య మాత్రలు పక్కనపెట్టి తొట్టి కొన్నాడు. ఖమ్మం నుంచి రంగుచేపల్ని నీళ్ళసంచిలో పోయించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మా ఊళ్ళో కరెంటు ఉండేదే తక్కువ, తొట్టిలో గాలి కొట్టే మిషను ఆడేది ఇంకా తక్కువ. కొన్నాళ్ళకే చేపలు ఒక్కొక్కటిగా వెల్లకిలా తేలాయి. దాంతో ఆయన రక్తపోటు ఇంకాస్త పెరిగింది. ఖాళీ తొట్టిని చూడలేక ఒకరోజు పొలం పక్క వాగులో తువ్వాలుతో దేవి, గోరంత రొయ్యల్ని కాసిని తెచ్చి, వాగు నీళ్ళతో, గులకరాళ్ళతో, నాచుతో సహా తొట్టిలో వదిలాడు. ఒంట్లో రంగన్నదే లేని రొయ్యలు, కళ్ళు మాత్రం నల్ల ఆవగింజలు. అవి బతికాయి. మామయ్య కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేసుకున్నాడు.

బతికినందుకు బహుమానంగా వాటికి తిండి పెట్టసాగాడు. అన్నం మెతుకులు, జొన్నరొట్టె ముక్కలు, ఒకనాడు ఉడికిన గుడ్డులో సొన. నీళ్ళు కుడితిలా మారి, వాసన వసారా దాటి వంటింట్లోకి వచ్చాక, నన్ను పిలిచాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో అన్న మొదటి పొడుగు మాట అదే.

"ఏందమ్మాయ్, నువ్వు గీ సదువే సదివినవట గదా. రొయ్యలు ఏం తింటయ్?"

నాకు తెలియదు. రొయ్య కాళ్ళను ఎన్ని రకాలుగా విభజించాలో, వాటి నోరు తిరగని పేర్లేమిటో తెలుసు గానీ, అది ఏం తింటుందో పరీక్షలో ఎవరూ అడగలేదు. కానీ బీఎడ్ కళ్ళముందు ఆడుతుంటే తెలియదని ఎలా అనేది? వాగులో వీటికి అన్నం పెట్టేవాళ్ళెవరు, నాచూ నానిన ఆకులే కదా తినేది అని అప్పటికప్పుడు ఊహించి, ఆకుకూర ఉడికించి కొంచెమే వేయాలనీ, తినగా మిగిలింది తీసేయాలనీ మందుచీటీ రాసే డాక్టరంత ధీమాగా చెప్పాను. సగం నీళ్ళు మార్చి, చిటికెడు ఉడికిన పాలకూర వేశాం. రొయ్యలన్నీ దాని చుట్టూ చేరి, చిన్న చిన్న చేతులతో గిల్లి గిల్లి నోట్లో పెట్టుకోసాగాయి. మామయ్య ముఖం విప్పారింది. అత్తమ్మ మాత్రం వంటింటి గడపలో నిలబడి, "రొయ్యలల్ల ఆకుకూర ఏసి వండుతరని ఇన్న. రొయ్యలకే కూర వండిపెట్టుడు ఈ ఇంట్లనే చూస్తున్న" అంది.

నా ధీమా ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక పొద్దున తొట్టి అడుగున ఒక రొయ్య కదలకుండా పడి ఉంది. మర్నాడు ఇంకోటి. మామయ్య నావైపొకసారి చూసి పొలానికి వెళ్ళిపోయాడు. ఉడికిన కూర పడకే చచ్చాయని అత్తమ్మ తేల్చేసింది. నేను పనులు మానుకుని తొట్టి ముందు బాసింపట్టు వేశాను. ఎండ నెత్తికొచ్చే వేళకు ఒక రొయ్య ఉన్నట్టుండి వంగి, వీపు దగ్గర చీలి, ఒక్క గెంతులో తనలోంచి తానే బయటపడింది. వదిలేసిన పెంకు అచ్చం చచ్చిన రొయ్యలా కింద వాలింది. (ఇవి పెంకు విడుస్తాయని నేను పరీక్షలో పేజీన్నర రాశాను. కళ్ళెదుట పెడితే పోల్చుకోలేకపోయాను.) అత్తమ్మను కేకేశాను. ఆమె చీరకుచ్చెళ్ళు ఎగదోపుకుని పక్కన కూచుని, పాము కుబుసం విడిచినట్టుందని ఆశ్చర్యపోయింది. కాసేపటికి మిగతావి వచ్చి ఆ పెంకునే కొరుక్కు తినడం చూసి, వాటికి పెంకు బలం కావాలేమోనని కోడిగుడ్డు పెంకు నూరి చిటికెడు తెచ్చి తనే వేసింది. ఆనాటి నుంచి, రొయ్యల సేవ తనకేం ఇష్టం లేదంటూనే, పాలకూరలో లేత ఆకు వాటికని తీసిపెట్టేది.

ఇక మామయ్యకు రంగు మీద మనసు పోయింది. దానికి కారణం అత్తమ్మ తమ్ముడు. ఆయనది టేకులపల్లి, ఇంట్లో పెద్ద తొట్టి, అందులో ఎర్రెర్రని చేపలు, వాటి కోసం ఒక జనరేటరు. ఒకసారి వచ్చి మా రొయ్యల్ని చూసి, బావ తొట్లో నీళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదని నవ్విపోయాడు. మిరప రైతు కాబట్టి మామయ్యకు మొదట తోచింది ఎర్రకారం. నేను తొట్టికి అడ్డం నిలబడి ఆపాల్సి వచ్చింది. తినేదాన్ని బట్టి కొన్ని జీవాలకు ఎరుపు వస్తుందని ఎక్కడో చదివిన గుర్తుతో క్యారెట్ అన్నాను. జూలూరుపాడులో అప్పుడు క్యారెట్ ఎక్కడిది? బస్సు కండక్టరుకు చెప్పి ఖమ్మం నుంచి తెప్పించాడు. మనుషులెవరూ రుచి చూడకముందే మా ఇంట్లో క్యారెట్ తిన్నవి రొయ్యలే.

మర్నాటికి ప్రతి రొయ్య వీపు పొడుగునా ఎర్రటి గీత. మామయ్య ఆనందం పట్టలేక టేకులపల్లికి కబురు పంపాడు. నేను దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఎర్రబడింది ఒళ్ళు కాదు, పేగు. ఒళ్ళంతా అద్దమైనప్పుడు తిన్నది పైకి కనబడకుండా ఎక్కడికి పోతుంది? చెబుదామనుకునేలోపు ఆదివారం వచ్చింది, బావమరిదీ వచ్చాడు.

మామయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, తొట్టి మీద కప్పిన తువ్వాలు తీశాడు. ప్రతి రొయ్య వీపు మీదా గీత నిండు పచ్చగా ఉంది. రోజూ ఆ దుంపే అయితే వాటికి మొహం మొత్తదా అని, పొద్దున పాలకూర వేశానని అత్తమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆవిడ తమ్ముడు ద్వారబంధం పట్టుకుని నవ్వాడు. మామయ్య నావైపు తిరిగాడు. నా బీఎడ్ ఆ వాగులోనే కొట్టుకుపోయిందనుకున్నాను.

"ఒళ్ళు ఎర్రబడలేదు మామయ్యా. తిన్నది లోపల్నించి కనబడుతోంది, అంతే. నిజంగా రంగు ఎలా వస్తుందో నాకు తెలియదు" అన్నాను. ఆ ఇంట్లో నేను తెలియదనడం అదే మొదలు.

ఆయన తొట్టిని చూశాడు, నన్ను చూశాడు, బావమరిదిని చూశాడు. రక్తపోటు ఎక్కడికి పోతుందోనని, ఆయన పక్కనపెట్టిన మాత్రల కోసం చుట్టూ చూశాను.

"ఇన్నవా," అన్నాడు బావమరిదితో. "ఎర్రది పెడితే ఎర్రగ, పచ్చది పెడితే పచ్చగ. నీ చేపలకు నువ్వు బంగారం పెట్టినా గదే రంగు."

బావమరిది నవ్వు ఆగింది. వెళ్ళేటప్పుడు ఒక సీసాలో కొన్ని రొయ్యలు అడిగి పట్టుకుపోయాడు.

సాయంత్రం మామయ్య నన్ను పిలిచి, బీఎడ్‌లో ఇవన్నీ చెబుతారా అని అడిగాడు. చెప్పరనీ, తెలిసింది పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పుతారనీ అన్నాను.

"అట్లనా. నేర్చుకునుడు ఈడ్నే అయితుంది గదా. చెప్పుడు ఆడ నేర్చుకో, పో."

ఆ ఏడే ఖమ్మం వెళ్ళాను. సెలవులకు ఇంటికొస్తే, ఏ రొయ్య పొట్ట కింద గుడ్లు మోస్తోందో, ఏది కొత్త పెంకు కట్టిందో చెప్పాకే నేనెలా ఉన్నానని అడిగేవాడు మామయ్య. తర్వాత చాలా ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. పిల్లలు అడిగిన సగం ప్రశ్నలకు "తెలియదర్రా, చూద్దాం" అనేదాన్ని. తొట్టి ముందు అన్నీ తెలిసినట్టు నిలబడ్డ ఆ కొత్తకోడలు ఇప్పుడు ఎదురుపడితే, పక్కన కూచోబెట్టుకుని, తెలియదని ముందే చెప్పెయ్యవే, ఎవరూ నిన్నేమీ అనరు అని చెప్పాలనిపిస్తుంది. అది వినదు. అప్పటికి దానిది ఫస్ట్ క్లాసు మరి.