ఫ్లూటుతో పూడ్చిన మౌనం

మొన్న కరీంనగర్‌లో కళ్ల ఆసుపత్రికి వెళ్లి, చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. హాల్లో ఎక్కడి నుంచో పసిపిల్ల నిద్ర లేస్తుందేమోనన్నంత మెత్తగా ఏదో సంగీతం వస్తోంది. కాసేపు వినగానే నా వేళ్లు కుర్చీ చెక్క మీద దరువు వేశాయి. అది మా పాట. మందమర్రి గనుల కాలనీలో కుర్రతనాన మేం నడిపిన ఆర్కెస్ట్రాలో మా అక్క భర్త, అంటే మా బావ, తానే కట్టి పాడిన పాట. డ్రమ్ముల మీద నేనుండేవాణ్ని.

కౌంటర్ దగ్గరి అమ్మాయిని అడిగితే ఫోన్ తీసి చూపించింది. మసక కళ్లతోనే పోల్చుకున్నాను, తెల్ల లాల్చీలో చిరునవ్వు నవ్వుతున్నది ఒకప్పటి మా ఆర్కెస్ట్రా మేనేజరు. నిద్ర పట్టనివాళ్ల కోసం, అలసిన మనసుల కోసం ఆయన స్వయంగా కూర్చిన వాద్యసంగీతం ఆల్బమట! గణపతి మండపాల వాళ్లతో ప్రోగ్రాం ఖాయం చేయడంలో, జీపు మాట్లాడడంలో, మైకువాడితో కొట్లాడడంలో ఆయన్ని మించినవాడు లేడు, కాదనను. స్వరం ముక్క రాని మనిషి సంగీతం కూర్చడమేమిటి? నాకు ఒళ్లు మండిపోయింది.

గని ఊళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు తెలుసు, షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగితే ఏమవుతుందో. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి ఆడవాళ్లు గుమ్మాల్లోకి వస్తారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అలాంటి ఒక మధ్యాహ్నమే బావ తండ్రి గని కూలి లోపలే ఉండిపోయాడు. ఆయన మీద కట్టిన ఆ పాటలో, రెండో చరణం అయ్యాక, అందరం ఒక్కసారిగా ఆపేసేవాళ్లం. బావ తల ఊపేదాకా నేను కర్రలు పైకెత్తి పట్టుకుని కదలకుండా ఉండేవాణ్ని. కాలనీలో ఆ కాసేపు దగ్గు కూడా వినిపించేది కాదు. లక్సెట్టిపేట ప్రోగ్రాంలో మాత్రం మైకు చెడిపోయిందనుకుని ఈలలు వేశారు. జనం లేచిపోతున్నారు, ఆ ఖాళీ తీసేయమని మేనేజరు ఆ రోజే బతిమాలాడు. ఎన్నడూ గొంతు పెంచని బావ అప్పుడూ పెంచలేదు.

"గక్కడ మా బాపు ఉన్నడు. దాన్ని ముట్టకు" అన్నాడు.

బావ బతికున్నన్నాళ్లూ మేనేజరు ముట్టలేదు. ఇప్పుడు అక్కడ ఫ్లూటు పెట్టాడు.

ఫోన్ చేసి నిలదీస్తే, తప్పేమీ లేనట్టు ఎంతో ప్రేమగా, "గక్కడ ఖాళీ పెడితే ఫోన్ బంద్ అయిందనుకుంటరు అన్నా. జర హాయిగ ఉండాలె కద" అన్నాడు. బావ పేరెక్కడని అడిగితే, పెడదాంలే అన్నాడు. హాయట! మా ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడిపోయిన మధ్యాహ్నం ఈయనకు నిద్రమందు అయిందా?

అక్కకు చెప్పకూడదనుకున్నాను. నేను వాళ్లింటికి వెళ్లేసరికే మేనల్లుడు ఫోన్‌లో ఆ పాట పెట్టి కూర్చున్నాడు. రెండో చరణం అవుతుండగా అక్క అలవాటు కొద్దీ కొంగు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఫ్లూటు వచ్చింది. ఆమె ఫోన్ వైపు, నా వైపు చూసి, "ఆగలేదేంది తమ్మీ?" అని అడిగింది.

ఒకప్పుడు ఒక్క మనిషి కోసం కాలనీ అంతా చేస్తున్న పని వదిలి నిలబడేది. ఇప్పుడు ఆసుపత్రిలో, హోటల్లో, లిఫ్టులో ఎక్కడ చూసినా పాటే, ఎవరూ వినరు, అదీ ఆగదు. ఫోన్ లాక్కుని నేనే ఆపేశాను. ముగ్గురం మాట్లాడకుండా కూర్చున్నాం. సరిగ్గా బావ తల ఊపేంత సేపు గడిచాక, అక్క సన్నని గొంతుతో మూడో చరణం అందుకుంది.